గాజులు తొడిగే చేతికి పులిపిర్లు

పులిపిర్లతో ఎవరూ చచ్చిపోరు. ఆ మాట నాకు చాలామంది చెప్పారు. కానీ దాదాపు ఏడాదిపాటు నేను ఒకరి చేయి పట్టుకోవడానికి భయపడ్డాను. నా చేయి పట్టుకోవడానికి మా ఇంట్లోవాళ్ళే భయపడ్డారు. చేతులు పట్టుకోవడమే బతుకుదెరువైన మనిషికి అది చిన్న జబ్బు కాదు. ఇప్పుడు వేళ్ళు మామూలుగా ఉన్నాయి, మనసు కూడా కొంత నిమ్మళించింది. అందుకే రాస్తున్నాను. ఏ ఇంట్లోనైనా ఇదే బాధ ఉంటే నేను చేసిన తప్పులు వాళ్ళు చేయకుండా ఉంటారన్న ఆశ కూడా ఉంది.

మాది పాల్వంచ. ముస్లింలమే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. గాజులమ్మడం మా అత్త జాన్‌బీ చిన్నప్పటి నుంచి చేసిన పని. నేను కోడలిగా వచ్చిన కొన్నేళ్ళకు మోకాళ్ళ నొప్పులతో ఆమె ఇంటిపట్టున ఉండిపోయి, గాజుల బుట్ట నా నెత్తికెత్తింది. మా ఆయన మస్తాన్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా షిఫ్టులు చేసేవాడు. మా కూతురు గౌసియా అప్పుడు మూడో తరగతి. ఎనభైల చివరి సంగతి ఇది.

గాజు తొడగడం తెలియనివాళ్ళకు సులువుగా కనిపిస్తుంది. ముందు ఎదుటి మనిషి చేతిని సబ్బు నురగతో తడపాలి. బొటనవేలి కింది కండను నొక్కిపట్టి, అరచేతిని దొన్నెలా ముడవాలి. చేయి బిగపట్టకుండా మాటల్లో పెట్టి, గాజును ఒక్క ఊపున మణికట్టు మీదికి జార్చాలి. పెళ్ళికూతుళ్ళు, కొత్త కోడళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు అందరూ తమ చేతులు నా ఒళ్ళో పెట్టి కబుర్లు చెప్పేవాళ్ళు.

ఆ ఎండాకాలంలో నా కుడిచేతి బొటనవేలి గోరు పక్కన మినపగింజంత గరుకు బుడిపె లేచింది. అత్తకు చూపించాను.

"పులిపిరి లేసింది బిడ్డా. ఊకో, దానంతట అదే పోతది. గిల్లకు," అంది.

నేను గిల్లాను. గాజు తోస్తుంటే అది అడ్డం తగిలేది. ఒకరోజు బ్లేడుతో పైపైన కోశాను. రక్తం వచ్చింది. వారం తిరిగేసరికి మళ్ళీ మొలిచింది, ఈసారి మరికాస్త వెడల్పుగా. తొలకరి పడేనాటికి చూపుడువేలికి రెండు, మధ్యవేలి గోరు చుట్టూ మూడు, అరచేతి అంచున ఒకటి. నొప్పేమీ లేదు. కానీ ఎవరైనా నా వేళ్ళవైపు చూస్తే చేయి కొంగు కింద దాచుకునేదాన్ని.

శ్రావణంలో చండ్రుగొండ నుంచి పిలుపు వచ్చింది. సావిత్రమ్మగారిది కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం. వాళ్ళ అమ్మాయి పద్మ పెళ్ళికి గాజులు తొడిగింది నేనే. ఇప్పుడు సీమంతం. అలాంటి పిలుపు వదులుకోవాలంటే మనసొప్పలేదు. బొటనవేలికి, మధ్యవేలికి తెల్లగుడ్డ పీలికలు చుట్టుకుని బస్సెక్కాను. ఎవరన్నా అడిగితే గాజుపెంకు గుచ్చుకుందని చెప్పాలనుకున్నాను. అడిగారు, అదే చెప్పాను.

పద్మ కుర్చీలో కూర్చుంది. నెలలు నిండుతున్న ఒళ్ళు, చేతులు కాస్త ఉబ్బి ఉన్నాయి. నాలుగు గాజులు ఎక్కాయి. ఐదోది ఎక్కిస్తుంటే సబ్బు నీళ్ళకు నా వేలి గుడ్డ తడిసి ఊడిపోయింది. పక్కనే ఉన్న వాళ్ళ మేనత్త వంగి చూసింది.

"అదేంటే ఆ వేలు? అట్టా ఉందేంటి?"

పద్మ ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కుంది. గాజు పగిలింది. మణికట్టు పక్కన చర్మం గీరుకుని రక్తం చిమ్మింది. సీమంతంనాడు గాజు పగలడం, రక్తం చూడటం! నేను కంగారుగా నా వేళ్ళతోనే ఆ గీతను అదిమాను. ఆ క్షణం ఇప్పటికీ నాకు కళ్ళ ముందే ఉంది.

సావిత్రమ్మగారు గొంతు పెంచలేదు. "గాజులు అక్కడ పెట్టమ్మా షరీఫా. మేం తొడుక్కుంటాంలే," అన్నారు. వెళ్ళేటప్పుడు తాంబూలం చేతికివ్వలేదు. నా బుట్టలో పైనుంచి జారవిడిచారు.

ఆమె తిట్టి ఉంటే బస్సులో అంత ఏడ్చేదాన్ని కాదేమో.

నెల తిరక్కుండానే సంగతి నాకంటే ముందు ఊళ్ళు తిరిగింది. ఒక ఊళ్ళో నేను వాకిట్లోకి అడుగుపెట్టగానే ఒకామె, "గాజులు మంచిగున్నయా?" అని కాకుండా, "చేతులు మంచిగున్నయా?" అని అడిగింది. ఇంకో ఇంట్లో లోపలి నుంచి ముసలామె గొంతు వినబడింది. "పెద్దరోగమంట. రానియ్యకుండ్రి."

పెద్దరోగమంటే కుష్టు. ఆ మాట నేను ఇంటికి మోసుకొచ్చాను. ఎవరికీ చెప్పలేదు, కానీ అప్పటికే మా ఆయన చెవిన పడింది.

"దవాఖానకు పోయి చూపించుకుంట," అన్నాను.

"పోతే కుష్టోళ్ళ లెక్కల పేరు రాసుకుంటరు. రాసుకున్నంక ఊరంత తెలుస్తది. పిల్లను బళ్ళె ఉండనిస్తరా?" అన్నాడు మస్తాన్.

"ఉత్త పులిపిర్లే కదా."

"పులిపిర్లయితే గిన్ని లేస్తయా?"

ఆ మర్నాటి నుంచి అన్నం తానే వడ్డించుకోవడం మొదలుపెట్టాడు. గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. నా మొహం చూడకుండా చేసేవాడు ఇవన్నీ. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఆ తేడా నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా చేత్తో వండిన కూర గిన్నెలో అతను గరిటె ముంచుతుంటే పొయ్యివైపు తిరిగి కూర్చునేదాన్ని.

అత్త ఒక్కతే నా చేతిని పట్టుకుని చూసేది. ఆమెకు తెలిసిన వైద్యాలన్నీ చేసింది. వారంపాటు తాంబూలపు సున్నంలో చాకలిసోడా కలిపి పెట్టింది. మంట పుట్టింది, పుండ్లు పడ్డాయి, పులిపిర్లు పోలేదు. తర్వాత జిల్లేడు పాలు. ఆ పైన దసరా ముందు సంతలో అడవి సరుకు అమ్మే ఒకతని దగ్గర నల్లజీడి గింజలు తెచ్చింది. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది ఆ గింజల రసంతోనే. సూదికి గుచ్చి దీపం మీద కాలిస్తే నల్లటి నూనె బొట్టుబొట్టుగా కారింది. ఒక్కో పులిపిరి మీద ఒక్కో చుక్క వేసింది.

"ఓర్సుకో బిడ్డా. దీనికి మించింది లేదు," అంది.

మొదటి పూట ఏమీ కాలేదు. రెండోనాటికి చేయంతా దద్దురు. మూడోనాటికి వేళ్ళు ఒకదానికొకటి ఆనుకునేంత వాచాయి, నీటిపొక్కులు లేచాయి. నిద్రలో తెలియక మొహం తాకానేమో, కళ్ళు కూడా వాచిపోయాయి. దురదకు గోడకేసి చేయి రుద్దుకునేదాన్ని. అత్త గోరువెచ్చటి అన్నం కలిపి నోట్లో పెట్టేది. ఆమె కళ్ళలోకి నేను చూస్తే చూపు తిప్పుకునేది.

పొక్కులు మానడానికి రెండు వారాలు దాటింది. రెండు పులిపిర్లు ఊడిపోయాయి. సంతోషపడేలోపే ఆ ఊడిన చోట చుట్టూ ఉంగరంలా చిన్నచిన్నవి మొలిచాయి. అరచేతి అంచున నల్లమచ్చ మిగిలింది. అది ఇంకా ఉంది.

ఇదంతా ఎలాగో భరించేదాన్ని. కానీ గౌసియాకు గోళ్ళు కొరికే అలవాటు. ఒకరోజు తల దువ్వుతుంటే దాని కింది పెదవి మీద గసగసంత బుడిపె కనిపించింది. చేతులు తిప్పి చూశాను. మూడు వేళ్ళకు ఉన్నాయి.

"ఎప్పటి సంది ఉన్నయే?"

"ఏమో. సారు నన్ను ఆఖరు వరసల ఒక్కదాన్నే కూసోబెడుతుండు," అంది. తప్పు చేసినట్టు తల దించుకుని చెప్పింది. ఎన్ని రోజుల నుంచి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రం మస్తాన్‌తో చెప్పాను. "పేరు రాసుకుంటే రాసుకోనీ. రేపు ఖమ్మం పోతున్న."

అత్త మూలనుంచి, "నేను గూడ వస్త," అంది.

చలికాలం. తెల్లారగానే బస్సెక్కితే ఖమ్మం చేరేసరికి పొద్దెక్కింది. చర్మం డాక్టరు చూసే గది ముందు పొడుగాటి వరండా, రెండే బల్లలు. చీటీ రాయించుకుని వచ్చేసరికి రెండూ నిండిపోయాయి. ఒక బల్ల చివర మాత్రం కొంచెం చోటుంది. ఆ పక్కన కూర్చున్నామెది భద్రాచలం అవతలి అడవి ఊరనుకుంటాను. తోడు వచ్చిన మనిషితో మాకు తెలియని భాషలో మాట్లాడుతోంది. మమ్మల్ని చూసి ఆమె ఇంకాస్త జరిగి, పిల్లను కూర్చోబెట్టమని బల్ల మీద చేత్తో తట్టింది.

ఆ చేతికి వేళ్ళు సగమే ఉన్నాయి. మిగిలినవి లోపలికి వంగి ఉన్నాయి. కాలికి కట్టు.

నేను గౌసియా భుజం పట్టి ఒక్క గుంజు గుంజాను. అది తూలి నా మీద పడింది. గోడవారకు వెళ్ళి నిలబడ్డాం. ఆమె కాసేపటికి లేచి, భుజం మీది తుండుగుడ్డ నేల మీద పరుచుకుని కింద కూర్చుంది. బల్ల మీద చోటు మాకు వదిలేసింది. ఆ చోట్లో మేము కూర్చోలేదు.

మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ నడివయసు మనిషి. నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎన్ని నెలలకు ఒక కొత్త మనిషి నా చేయి పట్టుకుందో! దూదితో ముంజేయి మీద తాకి, "తెలుస్తుందా?" అంది. అవ్ అన్నాను. కళ్ళు మూసుకోమని సూదిమొనతో అక్కడక్కడా తాకింది. మోచేతి దగ్గర నరాన్ని వేలితో నొక్కి చూసింది. అత్త నా కొంగు పట్టుకుని నిలబడింది.

"కుష్టు కాదమ్మా. పులిపిర్లే," అంది డాక్టరమ్మ.

అత్త అక్కడే గోడకు జారబడి కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది. "మరి చెయ్యి గిట్ల నల్లగ కాలిందేంది మేడమ్మా?"

"నల్లజీడి పెట్టారు కదా? ఎవరు పెట్టారు?"

అత్త నోరు తెరిచేలోపే, "నేనే పెట్టుకున్న మేడం," అన్నాను.

వరండాలో కూర్చున్న ఆమె గురించి అడగకుండా ఉండలేకపోయాను. పిల్ల ఆమె పక్కదాకా వెళ్ళింది, ఏమన్నా అవుతుందా అని. డాక్టరమ్మ నావైపు తేరిపార చూసింది.

"ఆమె మందులన్నీ వాడేసింది. జబ్బు నయమైంది. కాలి పుండుకు కట్టు కోసం వస్తుంది. ఆమె పక్కన కూర్చుంటే నీకేమీ రాదు. అంటుకునేది నీదమ్మా, ఆమెది కాదు."

మందు చిన్న సీసాలో ఉంది. ఆసిడ్ కలిసిన జిగురు మందు. ఎలా పెట్టాలో ఆమె ఓపిగ్గా చెప్పింది. వేళ్ళను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. పైన తెల్లబడిన చచ్చిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. నా రాయి నాది, పిల్ల రాయి పిల్లది, తువ్వాళ్ళు కూడా వేరువేరుగా ఉండాలి. చుట్టూ మంచి చర్మానికి వాజలీను రాసి, పులిపిరి మీద మాత్రమే ఒక చుక్క వేసి ఆరనివ్వాలి. రోజూ చేయాలి, మూడు నెలలకు తక్కువ కాకుండా. మంట ఎక్కువై పుండు పడితే కొన్నాళ్ళు ఆపాలి. పిల్ల పెదవికి ఈ మందు తగలనివ్వకూడదు, అది దానంతట అదే పోవచ్చు. పోయేదాకా నేను ఎవరికీ గాజులు తొడగకూడదు.

"ఇప్పటిదాకా నేను తొడిగినోళ్ళకు?" అని అడిగాను.

"చెప్పలేం. చాలామందికి రాదు. చర్మం గీరుకున్న చోట, తడిగా ఉన్న చోట మాత్రం తొందరగా అంటుకుంటుంది."

తడి, గీరుకున్న చోటు. సబ్బు నురగ, పద్మ మణికట్టు.

మందుల కిటికీ దగ్గర మళ్ళీ వరస. వరండాలో మాకు చోటిచ్చినామె అక్కడి మెట్టు మీద కూర్చుని ఉంది. నేను పిల్లను తీసుకుని వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. చెప్పడానికి నా దగ్గర ఆమె భాష లేదు. తెలుగులో చెప్పినా ఏం చెప్పేదాన్నో తెలియదు. ఆమె తన గుడ్డ కొస దులిపి, గౌసియా కూర్చునే చోట పరిచింది.

తర్వాతి నెలలే నాకు ఎక్కువ కష్టమనిపించాయి. రోగమేమిటో తెలిసింది, మందు చేతిలో ఉంది, అయినా ఏమీ మారేది కాదు. కుడిచేతికి ఎడమచేత్తో మందు పెట్టుకోబోతే చుక్క పక్కకు కారి మంచి చర్మం కాలేది. మస్తాన్‌ను అడిగాను. సీసా మూత తీసి వాసన చూసి, "నాకు చేతగాదు," అని కింద పెట్టేశాడు.

అత్త చూపు అప్పటికే మందగించింది. అందుకని రోజూ మధ్యాహ్నం, ఎండ గడపలోకి పడే వేళ, నా చేతిని ఒళ్ళో పెట్టుకుని చీపురుపుల్ల కొసతో చుక్కలు వేసేది. ఊపిరి బిగబట్టి, వేలు వేలుకూ ఆగుతూ వేసేది. ఘాటైన వాసన, తర్వాత సన్నని పోటు. మందు ఆరితే తెల్లటి పొర కట్టేది. మర్నాడు నానబెట్టి రుద్దితే ఆ పొర ఊడేది. కింద సూదిమొనలంత నల్లచుక్కలు కనబడేవి. గౌసియాకు నేను పెట్టేదాన్ని. మొదట్లో ఏడ్చేది, తర్వాత పళ్ళు బిగించుకుని ఎక్కాలు అప్పజెప్పేది.

నెలన్నర గడిచింది. ఒక్కటీ పోలేదు. ఒకరోజు మస్తాన్, "ఊదుబత్తితో కాలుస్తే పోతయంట, మా షిఫ్టుల ఒకడు చెప్పిండు," అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. "ఒకసారి కాలింది సాలదా? నా చెయ్యి ముట్టనోడివి, కాలుస్తనంటే నీకెందుకియ్యాలె?"

అతను అన్నం ముందు నుంచి లేచిపోయాడు. సీసా పారేయాలనిపించింది. మర్నాడు మధ్యాహ్నం నేను గడప దగ్గరికి వెళ్ళలేదు. అత్తే సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"జీడి పెట్టింది నేను. ఆ డాక్టరమ్మ ముంగల నువ్వు నీ మీద ఏసుకున్నవు," అంది. "మందు పెట్టనియ్యి. నాకిదొక్కటన్న చెయ్యనియ్యి బిడ్డా."

చేయి చాచాను.

పని ఎలా సాగిందంటే, ఆ మోకాళ్ళతోనే అత్త మళ్ళీ గాజుల పనికి బయల్దేరింది. సారపాకలో మిల్లు పనివాళ్ళ ఇళ్ళవైపు మమ్మల్ని ఎవరూ ఎరుగరు. బుట్ట నేను మోసేదాన్ని. దూరంగా కూర్చుని చేతులు చూసి సైజు చెప్పేదాన్ని. ఆమె తొడిగేది. నాకు తొడగడం నేర్పిన చేతులే అవి, కాకపోతే ఇప్పుడు వణికేవి. "మీ కోడలు తొడగదా?" అని ఎవరన్నా అడిగితే, "దాని చేతికి పులిపిర్లున్నయి, మందు పెడుతున్నం, తగ్గినంక తొడుగుతది," అని దాచకుండా చెప్పేది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. కానీ వాళ్ళెవరూ మమ్మల్ని పొమ్మనలేదు.

ఉగాది వెళ్ళాక ఒకరోజు నానబెట్టిన బొటనవేలిని తుడుచుకుంటుంటే, గోరు పక్కన చర్మం మీద సన్నని గీతలు కనిపించాయి. మామూలు వేలికి ఉండే గీతలు. నల్లచుక్కలు లేవు. అత్తను పిలిచాను. ఆమె కళ్ళకు కనబడలేదు, వేలితో తడిమి చూసింది. నున్నగా ఉంది. తర్వాత మూడు వారాల్లో ఒకటి తర్వాత ఒకటి పోయాయి. గౌసియా పెదవి మీదిది ఎప్పుడు రాలిందో కూడా మాకు తెలియదు. మస్తాన్ ఒకనాడు పళ్ళెం నా ముందుకు జరిపి, వడ్డించమన్నట్టు కూర్చున్నాడు. వడ్డించాను. ఆ గ్లాసు సంగతి మేమిద్దరం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు.

చెయ్యి బాగైంది కానీ పద్మ మణికట్టు నన్ను వదల్లేదు. బిడ్డను తీసుకుని వేసవికి పుట్టింటికి వచ్చిందని తెలిసింది. "ఎవలడిగిండ్రని పోతవు? పోయి నువ్వే ఒప్పుకుంటవా?" అన్నాడు మస్తాన్. బుట్ట లేకుండా, మందు పేరు రాసిన కాగితం ఒక్కటి పట్టుకుని చండ్రుగొండ బస్సెక్కాను.

సావిత్రమ్మగారు వరండాలో ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. మెట్టు కిందే నిలబడి చెప్పాను. కుష్టు కాదని, పులిపిర్లని, అంటుకునేవని, నాకు మందుతో పోయాయని. అమ్మాయి చేతికి ఏమన్నా వచ్చాయేమో చూసి పోదామని వచ్చానని.

పద్మ లోపలి నుంచి వచ్చింది. చంకలో ఆరు నెలల పాప. ఎడమచేయి చాపింది. మణికట్టు పక్కన, ఆనాడు గీరుకున్న గీత వెంబడే, మూడు పులిపిర్లు వరసగా ఉన్నాయి.

"రేపు నల్లజీడి పెట్టిద్దామనుకుంటున్నాం," అంది.

నా అరచేతి అంచు చూపించాను, ఆ నల్లమచ్చ. "వద్దమ్మా. మీకు పుణ్యముంటది, అది పెట్టొద్దు. ఖమ్మం పోండ్రి. ఈ మందు అడగండ్రి. పాప ఒళ్ళు తుడిచే తువ్వాల వేరే పెట్టుకోండ్రి."

"పాపకు వస్తుందా?"

"రాకపోవచ్చమ్మా. నాకు తెల్వదు. డాక్టరమ్మను అడుగుండ్రి."

సావిత్రమ్మగారు కాగితం తీసుకున్నారు. ఈసారి నా చేతి నుంచే తీసుకున్నారు. చదివి మడిచి అడిగారు.

"తెలిసే తొడిగావా షరీఫా?"

"అంటుతదని తెల్వదమ్మా," అన్నాను. "కాని మీరు సూస్తే రానియ్యరని తెలుసు. గాజుపెంకు గుచ్చుకోలే. పులిపిర్లు కనబడొద్దనే గుడ్డ సుట్టుకొచ్చిన."

పద్మ పాపను మరో చంకలోకి మార్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపు నిలబడి నేను వచ్చేశాను.

వాళ్ళు ఖమ్మం వెళ్ళారని, పద్మ మందు పెట్టుకుంటోందని ఆ తర్వాత ఆ ఊరి మనిషి ఒకామె చెప్పింది. పాపకు వచ్చాయో లేదో ఆమెకు తెలియదు. ఆ ఇంటి నుంచి గాజులకు మళ్ళీ పిలుపు రాలేదు. నేనూ ఎదురుచూడలేదు.